రసీదు లేని అభిమానం

ఆదివారం పొద్దున మిర్యాలగూడ రోడ్డులోనో, జడ్చర్ల చౌరస్తా దగ్గరో ఏ ఫంక్షన్ హాలు ముందు ఆగినా ఒకటే దృశ్యం. గేటుకు ఫ్లెక్సీ. దాని మీద 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అనే అక్షరాలు, కింద పదో తరగతి చదివిన సంవత్సరం, ఆ కింద పాస్‌పోర్టు సైజు ఫొటోలు వరసగా. లోపల రిటైరైన లెక్కల సారుకు శాలువా కప్పుతుంటారు. ఒకప్పుడు బెత్తం పట్టిన చేయి ఇప్పుడు మైకు పట్టుకుని వణుకుతుంటుంది. మటన్ భోజనం అయ్యాక ఎవరో ఒకరు లేచి "మన బడికి ఏదన్న చేయాలె" అంటారు. పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులో అంకెలు పడతాయి. ఐదు వందలు, రెండు వేలు, డాలస్ నుంచి యాభై వేలు. మర్నాడు జిల్లా పేజీలో గ్రూప్ ఫొటో వస్తుంది. నెల తిరిగేసరికి ఆ డబ్బు ఎక్కడుందో, ఎంత ఖర్చయిందో అడిగితే సూటిగా చెప్పగలిగే మనిషి ఉండడు.

ఆ ఫొటోలు వేసినవాళ్లలో మేమూ ఉన్నాం. తర్వాత ఏమైందని ఆరా తీసిన సందర్భాలు తక్కువ.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల ఉంది. ఊరి పేరు ఇక్కడ అనవసరం. ఫ్లోరైడ్ నీళ్ల ఊరు కాబట్టి పిల్లల కోసం ఒక బ్యాచ్ వాళ్లు ఆర్వో ప్లాంటు పెట్టించారు. ఇస్తే ఇలాంటిదే ఇవ్వాలి అనిపించే దానం. ప్రారంభం రోజు ఎమ్మెల్యే వచ్చాడు, రిబ్బన్ కత్తిరించాడు. ఏడాదిన్నరకు మెంబ్రేన్ పోయింది. మార్చే ఖర్చు ఎవరిదో ఎక్కడా రాసుకోలేదు. ప్లాంటు పెట్టించినప్పటి హెడ్మాస్టరు బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన స్టాకు రిజిస్టరు తిరగేసి "ఇది మా ఆస్తుల్లో లేదు" అన్నాడు. నిజమే, ఎవరూ ఎక్కించలేదు. బ్యాచ్ వాళ్లకు ఫోన్ చేస్తే "ఇచ్చినం కద సార్, ఇంకెన్నిసార్లు ఇయ్యాలె" అన్నారు. అదీ నిజమే. ఇప్పుడు ఆ గదిలో చీపుర్లు, విరిగిన బెంచీలు పెడుతున్నారు. గోడకున్న నల్లరాతి ఫలకం మీద దాతల పేర్లు మాత్రం బంగారు రంగులో మెరుస్తున్నాయి.

ఈ కథలో దొంగ లేడు. అందుకే ఇది భయపెట్టే కథ. దొంగ ఉంటే పట్టుకోవచ్చు. ఇక్కడ అందరూ మంచివాళ్లే. ఆ మంచితనాన్ని అందుకుని, లెక్క రాసి, పదేళ్లపాటు కాపాడటం ఎవరి ఉద్యోగమూ కాదు. ఎవరైనా ఆ పని నెత్తిన వేసుకున్నా, ఎలా చేయాలో వాళ్లకు నేర్పిన నాథుడు లేడు.

కాలేజీల్లో ఇప్పుడు 'అలుమ్ని కోఆర్డినేటర్' అనే హోదా కనిపిస్తోంది. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ తనిఖీలకు వాడుతూ వచ్చిన ప్రమాణాల్లో ఐదోదాని కింద పూర్వ విద్యార్థుల భాగస్వామ్యం ఉంటుంది. రిజిస్టరైన సంఘం ఉందా, ఐదేళ్లలో వాళ్ల నుంచి ఎంత సాయం అందింది అని అడుగుతారు. తనిఖీ దగ్గరపడగానే ప్రిన్సిపాల్ స్టాఫ్ రూమ్‌లోకి తొంగిచూస్తాడు. అక్కడ దొరికే మనిషి ఎప్పుడూ ఒకరే. ఎన్‌ఎస్‌ఎస్ ఆయనదే, దోస్త్ అడ్మిషన్ల హెల్ప్‌లైన్ ఆయనదే, పరీక్షల డ్యూటీ ఆయనదే. చాలాచోట్ల కాంట్రాక్టు లెక్చరరు, వచ్చే ఏడాది ఇదే కాలేజీలో ఉంటాడో లేదో తెలియదు. ఆయన చేతిలో ఒక ఎక్సెల్ షీటు పెట్టి, "పాత పిల్లల దగ్గర ఏమన్న తెప్పించండి సార్" అంటారు. ఆయన తన ఫోన్‌పే నంబరే గ్రూపులో పెడతాడు. సంఘానికి బ్యాంకు ఖాతా తెరవాలంటే తీర్మానం కావాలి, పాన్ కార్డు కావాలి, సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం కావాలి. అవన్నీ అయ్యేసరికి నాక్ బృందం వచ్చి పోతుంది.

పాఠం చెప్పడానికి నెట్‌లు, సెట్‌లు, పీహెచ్‌డీలు అడిగే వ్యవస్థ, పరాయివాళ్ల సొమ్ము తాకే పనికి ఒక్కరోజు శిక్షణ కూడా అడగకపోవడం మాకు అర్థం కాని విషయం.

దానం ఈ గడ్డకు కొత్త కాదు. వనపర్తి సంస్థానం గడ్డమీద పుట్టి హైదరాబాదు కొత్వాలుగా పేరు తెచ్చుకున్న రాజాబహదూర్ వెంకటరామారెడ్డి, 1918లో ఊళ్ల నుంచి వచ్చే పిల్లల కోసం రెడ్డి హాస్టల్ నిలబెట్టారు. అందుకోసం సంస్థానాధీశుల దగ్గరికీ దేశ్‌ముఖుల దగ్గరికీ వెళ్లి విరాళాలు అడిగారు. వనపర్తి రాజుల ప్యాలెస్ పాలిటెక్నిక్ కాలేజీ అయింది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా దేశానికే దారి చూపిన గురుకుల పాఠశాల సర్వేల్‌లో మొదలైంది, దానికి భూమి ఇచ్చింది స్థానికుడైన మద్ది నారాయణరెడ్డి.

అయితే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల దాన చరిత్రలో అన్నిటికంటే పెద్ద పేరు పోచంపల్లిది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఆ ఒక్క మాటతో భూదానోద్యమం దేశమంతా పాకింది. తర్వాత జరిగిందీ ఈ జిల్లాలవాళ్లకు తెలుసు. ఎన్నో చోట్ల సర్వే నంబరు లేకుండా, హద్దులు చూపకుండా, కాగితం మీద మాత్రమే భూమి చేతులు మారింది. కొంత పంచలేదు. కొంత పంచినా పాసుబుక్కులు రాలేదు. 1965లో భూదాన చట్టం వచ్చింది, బోర్డులు వచ్చాయి, పోయాయి. ఈలోపు హైదరాబాదు చుట్టూ ఎకరం కోట్లకు చేరింది, దానమిచ్చిన భూములు వెంచర్లలో కలిసిపోయాయి, కేసులు హైకోర్టుదాకా నడుస్తున్నాయి. ఇచ్చినవాళ్ల ఔదార్యంలో లోపం లేదు. ఆ సాయంత్రం పోచంపల్లిలో కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. మర్నాడు పొద్దున రిజిస్టరు తెరిచి కూర్చోవలసిన గుమస్తా మాత్రం లేడు.

పూర్వ విద్యార్థుల విరాళాలు ఇప్పుడు అదే సాయంత్రంలో ఉన్నాయి.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు అవి ఉస్మానియా పీజీ సెంటర్లు. తొలి బ్యాచ్‌ల పిల్లలు ఇప్పుడు నలభైకి అటూ ఇటూ ఉన్నారు. ఇంటి లోను సగం తీరి, పిల్లలు స్కూళ్లలో కుదురుకుని, చేతిలో నాలుగు డబ్బులు మిగిలి, వెనక్కి తిరిగి చూసుకునే వయసు అది. ఏ సంస్థకైనా పూర్వ విద్యార్థుల మొదటి తరం ఇలా ఒకేసారి పక్వానికి వస్తుంది. వాళ్లు మొదటిసారి ఇచ్చిన వెయ్యి రూపాయలకు రసీదు వచ్చిందా లేదా అన్నదాన్నిబట్టే రేపటి లక్ష ఆధారపడి ఉంటుంది. పాలమూరులో ఇది మరీ నిజం. వలస కూలీలను తీసుకెళ్లే గుంపు మేస్త్రీ చేతి లెక్కకు తరాలుగా వేలిముద్రలు వేసి మోసపోయిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వీళ్లు. అడ్వాన్సు ఎంత తీసుకున్నారో, ఎంత తీరిందో మేస్త్రీ నోటు పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండేది కాదు. ఆ ఇంటి పిల్లాడిని "నమ్మకం మీద పంపు తమ్మీ" అని అడగకూడదు.

నమ్మకం పోవడం ఒక ప్రమాదమైతే, చట్టం మెడకు చుట్టుకోవడం మరొకటి. దీని గురించి కాలేజీల్లో ఎవరితో మాట్లాడినా తెల్లముఖమే ఎదురవుతోంది.

ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన ఇద్దరు న్యూజెర్సీలో స్థిరపడ్డారనుకుందాం. ఒకరికి ఇంకా మన పాస్‌పోర్టే ఉంది, రెండోవారు అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. ఇద్దరూ చెరో లక్ష పంపారు. మొదటివారు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. రెండోవారిది విదేశీ విరాళమే. ఓసీఐ కార్డున్నా, హైదరాబాదు బ్యాంకు ఖాతాలోంచి రూపాయల్లోనే ఇచ్చినా చట్టం దృష్టిలో అది మారదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 కింద అనుమతి లేని సంఘం ఆ డబ్బు ముట్టుకోకూడదు. 2020 సవరణ తర్వాత అనుమతి ఉన్న సంస్థలు కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే మొదట జమ చేసుకోవాలి. ఉల్లంఘిస్తే ఐదేళ్లదాకా జైలుశిక్ష పడవచ్చు. పూర్తిగా ప్రభుత్వానివై, కాగ్ ఆడిట్ తప్పనిసరి అయిన సంస్థలకు మినహాయింపు ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. కాలేజీ వేరు, పూర్వ విద్యార్థుల సంఘం వేరు. సంఘం ఒక ప్రైవేటు సొసైటీ. కాలేజీకి ఉన్న గొడుగు దానికి రాదు. ఇక ఆ లక్ష పడింది లెక్చరరు సొంత ఖాతాలోనైతే ఆయన పరిస్థితి ఏమిటో మేం చెప్పనక్కర్లేదు.

పన్ను మినహాయింపు సంగతీ అంతే. '80జి ఉంది, ఇవ్వండి' అని ఫ్లెక్సీలమీద వేసేస్తున్నారు. దానికి సంఘం విడిగా నమోదు కావాలి, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు వర్తించదు. 2021-22 నుంచి ఎవరు ఎంత ఇచ్చారో ఏటా ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేస్తేనే దాతకు ధ్రువపత్రం వస్తుంది, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. పైగా కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి ఈ మినహాయింపే లేదు. తెలియక ఇచ్చిన హామీ కూడా దాతకు అబద్ధంలాగే వినిపిస్తుంది.

అమెరికాలో ఉద్యోగులు దేనికైనా విరాళమిస్తే కంపెనీ కూడా అంతే మొత్తం కలిపే పద్ధతి ఉంది. మ్యాచింగ్ గ్రాంటు అంటారు. 2024 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ ప్రాసిక్యూటర్లు ఆరుగురు ఆపిల్ మాజీ ఉద్యోగులమీద కేసు పెట్టారు. ఇచ్చిన విరాళాన్ని వెనక్కి తీసుకుని కంపెనీ వాటాను మాత్రం మిగిల్చుకున్నారన్నది ఆరోపణ. 2025 ఏప్రిల్‌లో ఫ్యానీ మే అనే గృహరుణ సంస్థ వందమందికి పైగా ఉద్యోగులను అనైతిక ప్రవర్తన పేరిట తొలగించింది. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని, మ్యాచింగ్ గ్రాంట్లే కారణమని పత్రికలు రాశాయి. రేపు ఏ దేవరకొండ కాలేజీ కోఆర్డినేటరుకో రాత్రి పదకొండు గంటలకు ఫోన్ వస్తుంది. "సార్, నేను మూడు వేల డాలర్లు పంపిస్త, కంపెనీ ఇంకో మూడు వేలు కలుపుతది. నా మూడు వేలు మా నాయనకు ఇచ్చేయండి, మిగతాది కాలేజీకే." ఇది మోసమని ఆ లెక్చరరుకు ఎవరు చెప్పారు? ఆయన చెవికి అది కాలేజీకి రెండున్నర లక్షల లాభంలాగే వినిపిస్తుంది. సరేనంటాడు. పిలిచింది తన పాత శిష్యుడే కదా.

పేర్ల జాబితా విషయంలో అజాగ్రత్త ఇంకా ఎక్కువ. బ్యాచ్, పుట్టినతేదీ, ఫోన్ నంబరు, కంపెనీ, జీతం, కొన్నిచోట్ల కులం కూడా ఉన్న ఎక్సెల్ షీట్లు గ్రూపుల్లో తిరుగుతున్నాయి. మనది పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు ఎలా జరుగుతాయో చూసిన ప్రాంతం. నల్లగొండ ఒక నియోజకవర్గంలో, మహబూబ్‌నగర్ మరో నియోజకవర్గంలో ఉన్నాయి. డిగ్రీ చదివినవాళ్ల పేర్లూ నంబర్లూ ఒకచోట ఉన్న షీటుకు ఎన్నికల ఏడాది ఎంత గిరాకీ ఉంటుందో, ప్లాట్లు అమ్మేవాళ్లకు అదెంత అక్కరకొస్తుందో ఊహించడం కష్టం కాదు. వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చేసిన చట్టంలో జరిమానా 250 కోట్లదాకా ఉంది. దాతల వివరాలు దాచే బ్లాక్‌బాడ్ అనే అమెరికా సంస్థ మీద 2020లో సైబర్ దాడి జరిగితే, దాన్ని నమ్ముకున్న విశ్వవిద్యాలయాలు దేశదేశాల్లో తమ పూర్వ విద్యార్థులకు క్షమాపణ లేఖలు రాసుకున్నాయి. వాళ్లకు కనీసం ఎవరి వివరాలు పోయాయో తెలుసు.

నాక్ కోసం పుట్టే అంకెల గురించి కూడా ఒక మాట. తనిఖీ ముందు లెక్కలో కొంత తక్కువైతే, లెక్చరర్లే తలా పదివేలు వేసుకుని పాత విద్యార్థుల పేరున రాసే అలవాటు ఉందని స్టాఫ్ రూముల్లో నవ్వుతూ చెప్పుకుంటారు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక సంస్థకు మంచి గ్రేడు కోసం లంచం చేతులు మారిందన్న ఆరోపణపై సీబీఐ నాక్ బృందం సభ్యులు సహా పదిమందిని అరెస్టు చేసింది. అంత దూరం పోనక్కర్లేదు. రాని విరాళం వచ్చినట్టు రాసిన రిజిస్టరులో, వచ్చిన విరాళాన్ని ఎవరు నమ్ముతారు?

ఈ పని మిగతా ప్రపంచంలో ఒక వృత్తి. అమెరికాలో విద్యాసంస్థల పూర్వ విద్యార్థుల సంబంధాలు, నిధుల సేకరణ చూసే ఉద్యోగుల కోసం కేస్ అనే మండలి 1974 నుంచి ఉంది. దాతకు ఏ హక్కులుంటాయో 1993లో తోటి సంఘాలతో కలిసి రాసిపెట్టుకున్నారు. ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే వాడాలి, అడిగితే నిజం చెప్పాలి, జాబితాలోంచి పేరు తీసేయమంటే తీసేయాలి. ఏదీ బ్రహ్మవిద్య కాదు. అయినా తప్పులు జరుగుతాయి. ప్రభుత్వోద్యోగాలకు విద్యార్థులను తయారుచేయమని 1961లో రాబర్ట్‌సన్ కుటుంబం ప్రిన్స్‌టన్‌కు మూడున్నర కోట్ల డాలర్లు ఇచ్చింది. మా డబ్బు వేరే పనులకు వాడారంటూ ఆ కుటుంబ వారసులు 2002లో దావా వేశారు. 2008లో రాజీ కుదిరేసరికి రెండువైపులా కోట్ల డాలర్లు వకీళ్ల పాలయ్యాయి. అంత పెద్ద కార్యాలయం ఉన్నచోటే ఇలా ఉంటే, మన స్టాఫ్ రూమ్ మూల బీరువాకు ఎంత జాగ్రత్త కావాలి?

మన దేశంలో ఉదాహరణ కావాలంటే మద్రాసు ఐఐటీ ఉంది. 2024 ఆగస్టులో బాపట్లలో పుట్టిన కృష్ణ చివుకుల తాను 1970లో ఎంటెక్ పూర్తిచేసిన ఆ సంస్థకు 228 కోట్ల రూపాయలు ఇచ్చారు. అప్పటికి ఆ సంస్థ చరిత్రలో ఒక్కరిచ్చిన అతిపెద్ద విరాళమది. అక్కడ పూర్వ విద్యార్థుల వ్యవహారాలకు ఒక డీన్, ఆయన కింద జీతమిచ్చి పెట్టుకున్న సిబ్బంది, ఏళ్ల తరబడి తెగని ఉత్తరప్రత్యుత్తరాలు ఉన్నాయి. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కాలేజీలోనో, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీలోనో చదివినవాళ్లలో కోటీశ్వరులు లేరని ఎవరూ అనుకోవద్దు. వాళ్లకు చివరిసారి కాలేజీ నుంచి ఉత్తరం ఎప్పుడు వచ్చిందో అడిగి చూడండి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగడం కూడా రాదు, అడిగితే బిచ్చమెత్తినట్టు ఉంటుంది.

అడగడంకంటే కష్టమైనది వద్దనడం. ఒక దాత గది కట్టిస్తానంటాడు, మా అన్న కొడుక్కి సీటు ఇవ్వమంటాడు. ఇంకొకాయన బిల్డింగుకు తన కులపెద్ద పేరు పెట్టాలంటాడు. మరొకాయన డబ్బు ఇస్తాడు, కాంట్రాక్టు తన బావమరిదికే కావాలంటాడు. ఆ క్షణాన ఎదుటివాడి మనసు నొప్పించకుండా "ఈ షరతు మాకు కుదరదు సార్, ఇదిగో మా నియమావళి" అని కాగితం చూపించగలగాలి. చూపించడానికి ఆ కాగితం ఉండాలి, దాని వెనక నిలబడే ప్రిన్సిపాల్ ఉండాలి. ఈ రెండూ లేకుండా కోఆర్డినేటరును పంపడం, ఈత రానివాణ్ణి సాగర్ కాలువలోకి దింపడమే.

శిక్షణ ఎక్కడ ఇవ్వాలన్నది పెద్ద సమస్యేమీ కాదు. లెక్చరర్లకు రిఫ్రెషర్ కోర్సులు నడిపే మాలవీయ మిషన్ కేంద్రాలు హైదరాబాదులోనే ఉన్నాయి. వాటి ఎనిమిది అంశాల్లో విరాళాల నిర్వహణ అంటూ విడిగా ఒకటి లేదు. పాలన అనే అంశం కింద మూడురోజులు దీనికి కేటాయిస్తే ఆకాశం విరిగిపడదు. ప్రభుత్వోద్యోగులకు పాఠాలు చెప్పే మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల సంస్థ ఉంది. రెండు విశ్వవిద్యాలయాలూ తమ అనుబంధ కాలేజీల కోఆర్డినేటర్లను ఏడాదికి రెండుసార్లు ఒకచోట కూర్చోబెట్టి, ఒక చార్టర్డ్ అకౌంటెంటునూ, ఒక వకీలునూ, సమ్మేళనాలు చక్కగా నడిపిన ఒకరిద్దరు బ్యాచ్ లీడర్లనూ పిలవవచ్చు. శిక్షణ పొందిన మనిషిని కనీసం మూడేళ్లు కదపకూడదు. ఆయనకు పాఠాల భారం తగ్గించాలి. ఊరికే చేయించుకుంటే ఊరికే చేసినట్టే ఉంటుంది.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. లెక్చరరు పోస్టులే నిండని చోట, ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల కోసం కాలేజీలు తాళాలు వేసుకుంటున్న రోజుల్లో, విరాళాల శిక్షణ ఎవరికి కావాలి అంటారు. మేమూ అదే పక్షం. జీతాలూ గదులూ నీళ్లూ సర్కారు బాధ్యత. దాన్ని పూర్వ విద్యార్థుల జేబుల్లోకి నెట్టడం తప్పు. 2022 మార్చిలో వనపర్తిలో 'మన ఊరు మన బడి' మొదలుపెట్టినప్పుడు దాతల పేర్లు గదులకు పెడతామని ఊరించారు. తర్వాత ప్రభుత్వం మారింది, అమ్మ ఆదర్శ పాఠశాలల కమిటీలు వచ్చాయి. మధ్యలో ఇచ్చినవాళ్ల సంగతి ఏ కమిటీ ఎజెండాలో ఉంది? పథకాల ఆయుష్షు ఐదేళ్లు. రిజిస్టరు అంతకంటే ఎక్కువకాలం బతకాలి. సర్కారు తన పని చేసినా చేయకపోయినా పాత విద్యార్థులు ఇస్తూనే ఉంటారు, ఎందుకంటే వాళ్లు ఇస్తున్నది సర్కారుకు కాదు, తాము కూర్చున్న బెంచీకి. ఆ డబ్బు వస్తున్నంతకాలం దాన్ని పట్టుకునే చేతులకు పని తెలియాలి.

డిసెంబరులో అమెరికా నుంచి వచ్చేవాళ్లు అప్పుడే టికెట్లు కొనుక్కున్నారు. సంక్రాంతికి ఫంక్షన్ హాళ్లు బుక్కైపోయాయి, ఫ్లెక్సీకి ఫొటోలు పంపమని గ్రూపుల్లో మెసేజీలు తిరుగుతున్నాయి. రసీదు బుక్కు ఎక్కడ అచ్చు వేయించాలని మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు.